జగిత్యాలలో నిలిచిన వరి వరంగల్‌లో ఎందుకు పడుతుంది? జీనోమిక్ అంచనాల్లో చోటు లెక్క

వరి మొవ్వును దెబ్బతీసే ఉల్లికోడు పురుగు మీద పనిచేసే శాస్త్రవేత్తలకు డబ్ల్యూ 1263 అనే వరి రకం బాగా తెలుసు. వరంగల్‌లో రూపొందిన రకం అది. ఉల్లికోడును తట్టుకునే జీఎం1 జన్యువు గురించి మాట్లాడాలంటే దేశంలో ఎక్కడైనా దీన్నే ముందు పెడతారు. ఒకే పురుగులో ఏ జన్యువున్న వరిని పడగొట్టగలదన్న దాన్ని బట్టి విడగొట్టే తెగలను బయోటైప్‌లు అంటారు. జగిత్యాల ప్రాంతంలో కనిపించే ఉల్లికోడు మూడో బయోటైప్‌ది. దాని దాడికి డబ్ల్యూ 1263 చెక్కుచెదరదు. వరంగల్‌లో తిరిగేదీ ఉల్లికోడే, కాకపోతే అక్కడిది 4ఎం అనే కొత్త బయోటైప్ అని 2006లో తేల్చారు. దాని ముందు ఇదే రకం నిలవదు. మొవ్వు ఉల్లికాడలా గొట్టమై బయటికి పొడుచుకొస్తుంది, ఆ పిలక ఇక కంకి వేయదు. జగిత్యాలలో పొద్దున బస్సెక్కితే కరీంనగర్ మీదుగా మధ్యాహ్నానికల్లా వరంగల్ చేరుకోవచ్చు. ఆ కాస్త దూరంలోనే ఒక జన్యువు విలువ మొత్తం పోతుంది.

ఇదే సంగతిని ఇప్పుడు కంప్యూటర్ వైపు నుంచి చూడాలి. మొక్కకూ మొక్కకూ మధ్య డీఎన్ఏలో వేల చోట్ల ఉండే చిన్న చిన్న తేడాలను మార్కర్లుగా పట్టుకుని, వాటిని బట్టి దిగుబడిని ముందే లెక్కగట్టే పద్ధతి జీనోమిక్ ప్రిడిక్షన్. మ్యూవిసెన్, హేస్, గొడార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 2001లో దీనికి దారి వేశారు. అమెరికాలో పాడి పశువుల ఎంపికకు 2009 నుంచి అధికారికంగా వాడుతున్నారు. గోధుమ, మొక్కజొన్న, వరి లాంటి పంటలూ ఈ దారిలోకి వచ్చాయి. పని తీరు చెప్పుకోవడానికి సులువే. కొన్ని వందల లైన్లను, అంటే ఇంకా రకంగా విడుదల కాని సంకర సంతతులను, పొలంలో వేసి దిగుబడి తూస్తారు. వాటి మార్కర్లనూ ఆ తూకాలనూ కలిపి మోడల్‌కు నేర్పుతారు. ఆ తర్వాత ఇంకా ఏ పొలంలోనూ వేయని కొత్త లైన్ల నుంచి చిన్న ఆకు ముక్క తీసి మార్కర్లు చదివితే, వాటిలో ఏవి ముందుకు తీసుకెళ్లదగ్గవో మోడల్ చెబుతుంది. సంకరం చేసిన నాటి నుంచి రకం రైతు చేతికి వచ్చేదాకా పదేళ్ల దాకా పట్టే పని ఇది. ఒకటి రెండేళ్లు కలిసొచ్చినా లాభమే.

అయితే మోడల్‌కు నేర్పిన ప్రతి తూకమూ ఏదో ఒక పొలం నుంచే వస్తుంది. ఉల్లికోడు ఎక్కువగా వచ్చిన ఏడాది జగిత్యాల వానాకాలం లెక్కలతో నేర్పితే, జీఎం1 ఉండే తొమ్మిదో క్రోమోజోమ్ ముక్కకు మోడల్ మంచి మార్కులు వేస్తుంది. ఆ చోటికి అది సరైన లెక్కే. వరంగల్ లెక్కలతో నేర్పితే అదే ముక్కకు దాదాపు ఏమీ వేయదు. అదీ సరైన లెక్కే. రెండు కేంద్రాల లెక్కలనూ ఒకే ఫైల్‌లో పోసి సగటు తీస్తే సగం మార్కులు వస్తాయి. ఆ సగం జగిత్యాల రైతుకు తక్కువ, వరంగల్ రైతుకు ఎక్కువ. ఇద్దరికీ తప్పే.

తీసేయాల్సింది ఏది, దాచుకోవాల్సింది ఏది

చోటు ప్రభావం అని ఒకే పేరుతో పిలిచేదాంట్లో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉంటాయి. మొదటిది మట్టం. ఎస్సారెస్పీ కాలువ కింద నీళ్లకు ఇబ్బంది లేని పొలంలో వేసిన లైన్లన్నీ, ఆయకట్టు చివరి పొలంలో కంటే ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు ఎక్కువ పండాయనుకుందాం. అన్నిటికీ ఒకేలా కలిసిన ఆ ఎక్కువకూ జన్యువులకూ సంబంధం లేదు. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మోడల్‌లో ప్రతి చోటుకూ ఒక సగటు పెడితే ఆ పని అయిపోతుంది.

రెండోది వ్యత్యాసాల సైజు. బాగా పండే పొలంలో మంచి లైన్‌కూ మామూలు లైన్‌కూ మధ్య తేడా పెద్దగా కనబడుతుంది. నీళ్లూ ఎరువూ చాలని చల్క నేలలో అన్నీ కుంచించుకుపోయి దగ్గర దగ్గరగా ఉంటాయి. వరుస మాత్రం అదే. ఇక్కడ ప్రమాదం ఏమిటంటే, సగటు తీసేటప్పుడు తేడాలు పెద్దగా ఉన్న పొలమే తీర్పు చెప్పేస్తుంది, రెండో పొలం ఉన్నా లేనట్టే. ప్రతి చోటుకూ దాని సొంత వ్యత్యాసం ఉండనిచ్చే మోడల్ వాడితే ఇది చాలావరకు సర్దుకుంటుంది.

మూడోది వరుస మారడం. ఒక చోట ముందున్న లైన్ ఇంకో చోట వెనకబడుతుంది. ఉల్లికోడు కథ ఈ కోవలోకే వస్తుంది. దీన్ని మట్టంలా తీసేస్తే అసలు సమాచారమే పోతుంది. చాలా పాత లెక్కల్లో జరిగింది ఇదే. జన్యువుకూ చోటుకూ మధ్య జరిగే ఈ పెనవేతను కొలిచి, మిగిలిపోయిన తప్పులతో కలిపి చెత్తబుట్టలో వేసేవారు. ఆస్ట్రేలియాలో బార్లీ మీద పనిచేసిన ఫిన్లే, విల్కిన్సన్ 1963లోనే ఒక్కో రకం, చోటు మంచి చెడులకు ఎంత స్పందిస్తుందో గీత గీసి చూపించారు. అయినా మార్కర్ల కాలం వచ్చాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది.

ఉత్తర తెలంగాణలో వరి వరకే చూసినా చోట్లు ఎన్ని రకాలో. నిజాంసాగర్ ఆయకట్టు వైపు రుద్రూర్, గోదావరికి దగ్గరగా జగిత్యాల దగ్గరి పొలాస, పెద్దపల్లి జిల్లాలో కూనారం, కాకతీయ కాలువ దిగువన వరంగల్. నాలుగింటా వరి పరిశోధన జరుగుతోంది. జగిత్యాల సన్నాలు, కూనారం సన్నాలు లాంటి పేర్లు ఆ ఊళ్ల నుంచే రైతుల నోళ్లలోకి వచ్చాయి. ఒక చోట రేగడి, ఇంకో చోట ఎర్ర చల్క. కొన్ని పొలాలకు కాలువ నీరు, కొన్నిటికి చెరువు, మరికొన్నిటికి బోరు.

దీనికి తోడు ఒకే పొలం ఏడాదిలో రెండు చోట్లుగా మారుతుంది. వానాకాలంలో వరికి పెద్ద పరీక్ష పురుగూ తెగుళ్లూ. యాసంగిలో పరీక్ష వేరు. డిసెంబరు, జనవరి చలికి నారు ఎదగక ఎర్రబారుతుంది. ఆలస్యంగా నాటితే పూత దశ ఎండలు ముదిరే రోజుల్లోకి వెళుతుంది, 35 డిగ్రీలు దాటిన వేడికి పుప్పొడి దెబ్బతిని తాలు పెరుగుతుంది. వానాకాలంలో మొదట నిలిచిన లైన్ యాసంగిలో కూడా మొదట నిలవాలని ఎక్కడా లేదు. కాబట్టి వరంగల్ వానాకాలాన్నీ వరంగల్ యాసంగినీ రెండు వేర్వేరు పరిసరాలుగా రాసుకోవడమే మేలు. ఊరి పేరు ఒకటేనని కలిపేస్తే మోడల్‌కు తికమక తప్పదు.

చోటుకూ ఏడాదికీ ఒక తేడా ఉంది. నేల వచ్చే ఏడు కూడా అదే నేల. ఉల్లికోడు బయోటైప్ కూడా ఒక్క ఏడాదిలో మారిపోదు. అంటే చోటు వల్ల వచ్చే వరుస మార్పు మళ్లీ మళ్లీ కనబడుతుంది, దాన్ని నమ్మి ఆ ప్రాంతానికి తగిన రకం ఎంచుకోవచ్చు. ఏడాది వల్ల వచ్చే మార్పు అలా కాదు. వచ్చే యాసంగిలో చలి ఎంత పడుతుందో విత్తనం ఎంచుకునే నాటికి ఎవరికీ తెలియదు. ఒకే ఏడాది లెక్కలు ఉంటే ఈ రెండిటినీ విడదీసే దారే లేదు, ఆ ఏటి వాతావరణం మొత్తం ఊరి గుణంగా లెక్కలోకి ఎక్కుతుంది. కనీసం రెండు మూడేళ్ల లెక్కలు కావాలని అడిగేది ఇందుకే.

మార్కర్లు ఊరి పేరు నేర్చుకుంటే

జీనోమిక్ అంచనాల్లో అన్నిటికంటే పెద్ద మోసం ఇక్కడ జరుగుతుంది. మోసం చేసేవాళ్లెవరూ ఉండరు, లెక్కే మోసం చేస్తుంది. ఉదాహరణకు ఒక కేంద్రం తన సొంత సంకరాల నుంచి వచ్చిన 150 లైన్లను తన పొలంలోనే వేసింది. ఇంకో కేంద్రం తన 150 లైన్లను తన పొలంలో వేసింది. మొదటి పొలం సగటు హెక్టారుకు 6,500 కిలోలు, రెండోదాని సగటు 5,500 అనుకుందాం. రెండు ఫైళ్లూ కలిపి 300 లైన్లతో మోడల్‌కు నేర్పారు. ఒక్కో కేంద్రం లైన్లకు తల్లిదండ్రులు వేరు కాబట్టి మార్కర్లు చూడగానే ఏ లైన్ ఏ కేంద్రానిదో తెలిసిపోతుంది. మోడల్‌కు చోటు గురించి ఏమీ చెప్పకపోతే, ఆ వెయ్యి కిలోల తేడా మొత్తాన్ని మార్కర్ల ఖాతాలో వేస్తుంది. నీళ్ల వల్ల వచ్చిన దిగుబడి జన్యువుల గొప్పగా మారిపోతుంది.

ఇప్పుడు పరీక్ష పెడతారు. 300లో అరవై లైన్లను దాచి, మిగిలిన వాటితో నేర్పి, దాచిన వాటిని అంచనా కట్టి, అసలు దిగుబడితో పోల్చుతారు. అంచనాకూ అసలు దిగుబడికీ ఎంత పొంతన ఉందో చెప్పే అంకె, కోరిలేషన్, ఘనంగా వస్తుంది. అందరూ సంతోషిస్తారు. కానీ దాచిన అరవైలో ఒక్కో కేంద్రం లైన్లను విడిగా తీసి చూస్తే, ఆ కోరిలేషన్ చాలావరకు కరిగిపోతుంది. మోడల్ చెప్పింది ఒక్కటే: ఇది ఫలానా కేంద్రం లైన్, కాబట్టి ఎక్కువ పండుతుంది. ఆ మాట చెప్పడానికి డీఎన్ఏ చదవనక్కర్లేదు, విత్తనం సంచి మీది చీటీ చదివితే చాలు. అందుకే కోరిలేషన్‌ను ఎప్పుడూ ఒక్కో చోటు లోపలే లెక్కగట్టి, ఆ తర్వాతే సగటు చూపాలి. అన్ని చోట్లనూ కలిపి చూపిన ఒకే ఒక్క పెద్ద అంకెను చూసి అనుమానించడం మంచి అలవాటు.

మరి చోటును మోడల్‌లో పెట్టేస్తే సరిపోదా? ఈ ఉదాహరణలో సరిపోదు. రెండు కేంద్రాల మధ్య ఒక్క లైన్ కూడా ఉమ్మడిగా లేదు. చోటుకు సగటు పెడితే, ఒక కేంద్రం లైన్లు నిజంగానే జన్యుపరంగా మెరుగైనవైనా ఆ మెరుగంతా చోటు ఖాతాలోకి పోతుంది. పెట్టకపోతే చోటు గొప్ప లైన్ల ఖాతాలోకి వస్తుంది. రెండు బడుల పిల్లలకు రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు ఇచ్చి, ఏ బడి పిల్లలు తెలివైనవాళ్లో మార్కులు చూసి చెప్పమన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా దీనికి జవాబు రాదు.

జవాబు పొలంలోనే ఉంది. రెండు చోట్లా ఉమ్మడిగా కొన్ని రకాలు ఉండాలి. పోలిక కోసం ప్రతి ట్రయల్లోనూ వేసే తెలిసిన రకాలను, అంటే చెక్ రకాలను, వేసేది ఇందుకే. ఎంటీయూ 1010, తెలంగాణ సోనా, బీపీటీ 5204 లాంటివి అన్ని చోట్లా ఉంటే, వాటి తేడాను బట్టి పొలాల తేడా తెలుస్తుంది. కానీ రెండు మూడు చెక్‌లు చాలవు. బీపీటీ 5204కు ఉల్లికోడు అంటే గిట్టదు. పురుగు ఎక్కువగా వచ్చిన చోట అది పడిపోతే, పొలమే బాగాలేదని లెక్క తప్పుగా చెబుతుంది. చెక్ రకం కూడా చోటుకు స్పందించే రకమే కదా! ఒక కేంద్రం లైన్లలో ఇరవై ముప్పైని ఇంకో కేంద్రంలో కూడా వేయడం ఇంతకంటే గట్టి వంతెన. లైన్లు ఒకటే కాకపోయినా చుట్టాలైతే కొంత పని జరుగుతుంది. ఒకే తల్లి నుంచి వచ్చిన అన్నదమ్ముల్లాంటి లైన్లను రెండు చోట్లకూ పంచితే, మార్కర్లే ఆ బంధుత్వాన్ని మోడల్‌కు చూపిస్తాయి. జగిత్యాల సన్నాలు అని పేరు పడ్డ జేజీఎల్ 1798ను బీపీటీ 5204కూ వరంగల్ రకం కావ్యకూ సంకరం చేసి తీశారు. ఇలాంటి రాకపోకలు రెండు కేంద్రాల మధ్య ఎంత ఎక్కువుంటే మోడల్‌కు అంత మేలు.

ఒకే పొలంలో పై మడి, కింది మడి

చోటు అంటే ఊరు మాత్రమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. తూము దగ్గరి మడికి నీళ్లు ముందు అందుతాయి. పై మడిలో వేసిన యూరియా కొంత కింది మడికి కొట్టుకుపోతుంది. గట్టు పక్క వరుసలకు వెలుతురు ఎక్కువ. రెండు వందల లైన్లను మూడుసార్లు చొప్పున వేస్తే ఆరు వందల మడులవుతాయి. అంత పొలం ఎక్కడా ఒకే తీరుగా ఉండదు.

ఈ బాధ పాతదే. ఇంగ్లండ్‌లోని రాథంస్టెడ్ కేంద్రంలో 1919లో చేరిన ఫిషర్, మడులను చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా వేయాలని, దగ్గరి మడులను ఒక గుంపుగా చూడాలని నేర్పింది దీనికోసమే. గ్రీకు శాస్త్రవేత్త పాపడాకిస్ 1937లో పక్క మడులను చూసి ఒక మడి దిగుబడిని సవరించే ఉపాయం చెప్పాడు. ప్యాటర్సన్, విలియమ్స్ 1976లో ఆల్ఫా డిజైన్లు, అంటే వందల లైన్లను చిన్న చిన్న గుంపులుగా పంచి వేసే పద్ధతి, ఇచ్చారు. గిల్మోర్, కల్లిస్, వెర్బిలా 1997లో, వరుస వెంట, నిలువు వెంట పక్కపక్క మడులు ఒకదాన్నొకటి ఎంత పోలి ఉంటాయో మోడల్‌లోనే పెట్టే పద్ధతి తెచ్చారు. ఆ తర్వాత వచ్చిన ఎస్‌పీఏటీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ పొలం మీద నున్నటి పొర పరిచినట్టు ఎత్తుపల్లాలను లెక్కగట్టి పెడుతోంది. వీటికి కావాల్సింది ఒక్కటే: ప్రతి మడికీ వరుస సంఖ్య, నిలువు సంఖ్య ఫైల్‌లో ఉండాలి. చాలా పాత ట్రయళ్లలో లేనిది అదే.

ఇక్కడా ఆ పాత మోసమే చిన్న రూపంలో ఎదురవుతుంది. నాట్లప్పుడు సులువుగా ఉంటుందని ఒకే సంకరం నుంచి వచ్చిన లైన్లన్నిటినీ పక్కపక్కనే వేస్తారు. ఆ సంకరం మంచిదైతే పొలంలో ఆ మూల బాగున్నట్టు కనబడుతుంది. మోడల్ అది మట్టి గుణం అనుకుని నున్నగా చదును చేసేస్తుంది, మంచి సంకరం కాస్తా మామూలుదైపోతుంది. కూలీల కొరత ఉన్న రోజుల్లో లైన్లను చెల్లాచెదురుగా వేయమనడం తేలికే, వేసేవాళ్లకే తెలుసు ఆ టెన్షన్. అయినా వేరే దారి లేదు.

నాలుగు మడులు ఎక్కడ వేయాలి

ఒక్కో లైన్‌కు నాలుగు మడుల ఖర్చు మాత్రమే భరించగలిగితే, నాలుగూ ఒకే చోట వేయాలా, నాలుగు చోట్ల ఒక్కోటి వేయాలా? అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. అన్ని చోట్లా పనికొచ్చే జన్యు తేడా 4, చోటును బట్టి మారే జన్యు తేడా (దీన్ని చోటు ముడి అందాం) 4, మడికి వచ్చే పొరపాటు తేడా 8. నాలుగు మడులూ ఒకే చోట వేస్తే పొరపాటు నాలుగో వంతుకు, అంటే 2కు తగ్గుతుంది, చోటు ముడి 4 అలాగే ఉంటుంది. మొత్తం 10లో పనికొచ్చేది 4. అంటే 0.40. నాలుగు చోట్ల ఒక్కో మడి వేస్తే పొరపాటు అదే 2, చోటు ముడి 1కి తగ్గుతుంది. మొత్తం 7లో 4. అంటే 0.57. మడుల ఖర్చు పైసా పెరగలేదు, దిగుబడి తూచినవీ అవే నాలుగు మడులు. నాలుగు ఊళ్లకు మనుషులను పంపే ఖర్చు వేరు, అది నిజమే.

ఇందులో ఇంకో గమ్మత్తు ఉంది. ఒకే చోట నాలుగు మడులు వేసినవారు తమ లెక్క చూసుకుంటే 0.40 కనబడదు. వాళ్లకు చోటు ముడి కూడా జన్యు తేడాగానే కనబడుతుంది, రెండో చోటు లేదు కాబట్టి విడదీయలేరు. 10లో 8, అంటే 0.80. ట్రయల్ అద్భుతంగా ఉందనుకుంటారు. ఆ 0.80లో సగం వాళ్ల పొలానిదే. మార్కర్లు ఎన్ని చదివినా, ఆ లెక్కతో నేర్చిన మోడల్ నేర్చుకునేది సగం ఆ ఊరి కథే.

మార్కర్లు వచ్చాక ఈ లెక్క ఇంకాస్త తెలివిగా చేయొచ్చు. ప్రతి లైన్‌నూ ప్రతి చోటా వేయనక్కర్లేదు. రెండు వందల లైన్లు, నాలుగు చోట్లు ఉంటే, ఒక్కో లైన్‌ను ఏవో రెండు చోట్ల వేసి, మిగతా రెండు చోట్ల దాని చుట్టాలను వేస్తే, ఎనిమిది వందల మడులకు బదులు నాలుగు వందలతో సరిపోతుంది. లైన్లూ చోట్లూ రాసిన పట్టికలో ఖాళీగా ఉన్న గళ్లను బంధుత్వం ద్వారా మోడల్ నింపుతుంది. పల్చగా వేసే ఈ పద్ధతి మీద మొక్కజొన్నలో, గోధుమలో చాలా పని జరిగింది. మన దగ్గర సమన్వయ పరీక్షల ఆనవాయితీ పాతది. రాజేంద్రనగర్ నుంచి నడిచే అఖిల భారత వరి పథకం 1965 నుంచి దేశమంతటా ఒకే రకాల సెట్‌ను వేస్తూ వస్తోంది. అందులో అందరికీ అన్నీ వేయడమే పద్ధతి. పల్చగా పంచడం ఆ అలవాటుకు కొంచెం ఎదురీత.

మోడల్‌లో చోటుకు ఇచ్చే రూపం

మామూలు మోడల్ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది, అన్ని చోట్లా పనిచేసే జన్యు విలువ. రెండోది, ఒక్కో చోటుకు దాని మీద కలిసే తేడా. బంధువులు ఒకే చోట ఒకేలా స్పందిస్తారన్న అవగాహనతో మార్కర్ల బంధుత్వాన్ని రెండు భాగాల్లోనూ వాడతారు. వేసుకోవడం సులువు, చాలా సందర్భాల్లో బాగానే పనిచేస్తుంది. దీంట్లో దాగిన అమాయకత్వం ఒకటుంది: ఏ రెండు చోట్లు తీసుకున్నా వాటి మధ్య పోలిక ఒకటే అనుకోవడం. జగిత్యాలకు కూనారం ఎంత దగ్గరో వరంగల్ 4ఎం పొలం కూడా అంతే దగ్గర అంటుంది. పోలికలను చోటు చోటుకూ విడిగా లెక్కగట్టనిస్తే నాలుగు చోట్ల వరకు తట్టుకుంటుంది, ఇరవై చోట్లయితే లెక్కగట్టాల్సినవి రెండు వందలు దాటుతాయి. స్మిత్, కల్లిస్, థాంప్సన్ 2001లో తెచ్చిన ఫ్యాక్టర్ అనలిటిక్ పద్ధతి ఈ రెండిటి మధ్య దారి. రెండు మూడు దాగిన కారణాలు ఉన్నాయని, ఒక్కో చోటు వాటికి ఒక్కో పాళ్లలో లోబడుతుందని అనుకుంటుంది. ఆ దాగిన కారణం ఉల్లికోడా, నీళ్లా, చలా అన్నది అది చెప్పదు. తేల్చుకోవాల్సింది పొలం తెలిసిన మనిషే.

ఇంకో దారి, చోటు గుణాలనే మోడల్‌కు ఇవ్వడం. వర్షం, ఉష్ణోగ్రతలు, ఎండ, మట్టిలో బంక శాతం. హార్కిన్, ఆయన సహచరులు 2014లో గోధుమ మీద దీన్ని చూపించాక బాగా ప్రచారంలోకి వచ్చింది. రెండు లైన్ల బంధుత్వాన్ని మార్కర్లు చెప్పినట్టే, రెండు చోట్ల బంధుత్వాన్ని ఈ గుణాలు చెబుతాయి. దీని ఆకర్షణ పెద్దది, ఎందుకంటే ఎన్నడూ ట్రయల్ వేయని చోటుకు కూడా అంచనా చెప్పొచ్చు.

ఇక్కడ కొంచెం ఆగాలి. నాలుగు కేంద్రాలు, మూడేళ్ల వానాకాలాలు అంటే పన్నెండు పరిసరాలు. మడులు వేలల్లో ఉన్నా, చోటు గురించి మోడల్ నేర్చుకోవడానికి ఉన్నవి పన్నెండు ఉదాహరణలే. వాతావరణ ఫైల్‌లో రెండు వందల కాలమ్‌లు ఉంటే, పన్నెండు చోట్లను ఏ వరుసలో పెట్టాలన్నా ఆ రెండు వందల్లో ఏదో ఒకటి సరిపోతుంది. సరిపోయినంత మాత్రాన కారణం అయిపోదు. డీప్ లెర్నింగ్ పేరుతో వచ్చే చాలా ప్రకటనలు ఈ గీత దగ్గరే జారిపడతాయి. పది గుణాలు జాగ్రత్తగా ఎంచుకోవడం, అదీ నెలలవారీగా కాకుండా పైరు దశలను బట్టి, నారు దశలో కనిష్ఠ ఉష్ణోగ్రత, పూత దశలో గరిష్ఠ ఉష్ణోగ్రత అన్నట్టు తీసుకోవడం ఎంతో మేలు.

పైగా ఉపగ్రహాల నుంచి ఉచితంగా దొరికే వాతావరణ లెక్కలకు కాలువ కనబడదు. ఎస్సారెస్పీకి వచ్చే వరదలో పెద్ద వాటా ఎగువన మహారాష్ట్రలో కురిసిన వానది. జగిత్యాలలో వాన బాగా పడినా కాలువ ఆలస్యం కావచ్చు, అక్కడ చుక్క పడకపోయినా నీళ్లు నిండుగా రావొచ్చు. ఆయకట్టు వరికి స్థానిక వర్షపాతాన్ని గుణంగా ఇస్తే మోడల్ తప్పుదారి పడుతుంది. నీళ్లు వదిలిన తేదీ, నాట్లు వేసిన తేదీ చాలా ఎక్కువ చెబుతాయి. నాట్లు ఆలస్యమైతే వానాకాలంలో ఉల్లికోడు కూడా పెరుగుతుంది, ఒక్క తేదీలో రెండు కారణాలు దాగి ఉంటాయి. ప్రతి చోటా జీఎం1, జీఎం2 లాంటి తెలిసిన జన్యువులున్న రకాలను నాలుగైదు వరుసలు వేసి, ఆ ఏడు అక్కడ ఏది పురుగుకు లొంగిందో రాసుకుంటే, అది ఏ ఉపగ్రహమూ ఇవ్వలేని గుణం అవుతుంది.

లెక్క వేసే క్రమం గురించి చిన్న మాట. చాలామంది ముందు ఒక్కో ట్రయల్‌ను విడిగా సవరించి, లైన్‌కు ఒక్కో అంకె తీసి, ఆ అంకెలతో మోడల్‌కు నేర్పుతారు. తప్పేమీ లేదు. కాకపోతే మొదటి మెట్టులోనే సగటు వైపు కుదించిన అంకెలు తీసి, రెండో మెట్టులో మళ్లీ కుదిస్తే మంచి లైన్లు అన్యాయంగా కిందికి వస్తాయి. ప్రతి లైన్‌నూ రెండు మడుల్లో వేసిన చోటుకూ నాలుగు మడుల్లో వేసిన చోటుకూ ఒకే బరువు ఇవ్వడం కూడా ఇలాంటిదే.

ఇక పరీక్ష. ఏ ప్రశ్నకు జవాబు కావాలో దాన్ని బట్టి దాచేది మారాలి. కొన్ని చోట్ల పండించి చూసిన లైన్‌కు మిగతా చోట్ల అంచనా కావాలంటే గళ్లు దాచాలి. కొత్త లైన్‌కు కావాలంటే లైన్ మొత్తాన్నీ అన్ని చోట్ల నుంచీ దాచాలి. కొత్త చోటుకు కావాలంటే చోటు మొత్తాన్నీ దాచాలి. కొత్త లైన్, కొత్త చోటు, రెండూ కలిస్తే అన్నిటికంటే కష్టం, అంచనా బలం కూడా మామూలుగా అక్కడే బాగా పడిపోతుంది. మొదటి రకం పరీక్షలో వచ్చిన అంకెను చూపి నాలుగో రకం పనికి మోడల్‌ను వాడటం సర్వసాధారణం అయిపోయింది. వరంగల్ లెక్కలన్నీ పక్కనపెట్టి మిగతా మూడు చోట్లతో నేర్పి వరంగల్‌ను అంచనా కట్టి చూడాలి. వచ్చిన అంకె చిన్నదైతే, కొత్త చోటు దగ్గర మోడల్‌కు ఉన్న బలం అంతేనన్నమాట.

చివరికి రకం ఎవరి పొలానికో కూడా మోడల్‌కు చెప్పాల్సిందే. నాలుగు చోట్లకు సమాన బరువు ఇవ్వాలన్న నియమం ఏమీ లేదు. ఏ తరహా పొలం ఎన్ని ఎకరాల్లో ఉందో దాన్ని బట్టి బరువు ఇవ్వొచ్చు. ఉల్లికోడు ఉన్న ప్రాంతానికి ఒక రకం, లేని ప్రాంతానికి ఇంకో రకం అని విడగొట్టొచ్చు. విడగొట్టడం కాగితం మీద బాగుంటుంది, దుకాణంలో విత్తనం సంచి కొన్న రైతు ఏ బయోటైప్ ప్రాంతంలో ఉన్నాడో డీలర్ అడగడు. అందుకే ప్రాంతాలవారీ విలువలతో పాటు, అన్ని చోట్లలో అతి తక్కువ ఎంత పండుతుందన్న అంచనాను కూడా పక్కన పెట్టుకుని ఎంచుకోవడం ఇక్కడి పరిస్థితికి సరిపోతుంది. రుద్రూర్, జగిత్యాల, కూనారం, వరంగల్ లెక్కలతో నేర్చిన మోడల్‌ను, చలికాలం రాత్రులు పది డిగ్రీల లోపుకు పడిపోయే ఆసిఫాబాద్ యాసంగికి అంచనా చెప్పమంటే అంకె ఒకటి తప్పకుండా ఇస్తుంది. ఆ అంకె పక్కన ఎంత అటూ ఇటూ కావచ్చో కూడా అడగాలి. ఆ అటూ ఇటూ మరీ పెద్దదైతే, అక్కడే రెండు మూడు గుంటల్లో నలభై లైన్లు వేసి ఒక్క యాసంగి చూడటం, ఇంకో రెండు వందల లైన్ల డీఎన్ఏ చదివించడం కంటే ఎక్కువ పనికొస్తుంది.